మా యూనివర్సిటీలో కొత్త భవనాలకు డబ్బుంటుంది, హాస్టల్ మరమ్మతుకు మాత్రం ఉండదు. ఎందుకు?

అనంతపురంలో పరిశోధన చేస్తున్న ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న ఇది. వాళ్ల హాస్టల్ మిద్దె మూడేళ్లుగా కురుస్తోందట. ఎప్పుడు అడిగినా ‘ఫండ్స్ లేవు’ అంటున్నారట. అదే క్యాంపస్‌లో వంద గజాల అవతల కొత్త బ్లాకుకు పునాదులు తీస్తున్నారట. ‘ఆ డబ్బులో కొంచెం ఇటు పెడితే పోదా? అసలు ఈ నిర్ణయాలు ఎవరు, ఎలా తీసుకుంటారు?’ అని అడిగారు.

రాయలసీమలోని ఒక విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ విభాగంలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అసిస్టెంట్ ఇంజనీరుగా చేరి డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరుగా రిటైరయ్యాను. ఏ విశ్వవిద్యాలయమో చెప్పను. పెన్షన్ ఇంకా అక్కడి నుంచే రావాలి.

ముందు సూటిగా జవాబు: ఆ డబ్బు ఇటు పెట్టడం కుదరదు, ఆడిట్‌లో పట్టుబడుతుంది. మా అమ్మ కందిపప్పు డబ్బాలో చీటీ డబ్బు, చక్కెర డబ్బాలో పాలవాడి డబ్బు దాచేది. చీటీ డబ్బు తీసి పాలవాడికిస్తే నెలాఖరున ఇంట్లో పెద్ద గొడవ. యూనివర్సిటీలో ఆ గొడవ చేసేవాళ్లు ఆడిటర్లు, అంతే తేడా.

ఆ డబ్బాలేమిటో చెబుతాను. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే బ్లాక్ గ్రాంటు జీతాలకు, పెన్షన్లకే చాలదు. దాంట్లోంచి ఇటుక కొనడమనే మాటే లేదు. రెండోది సొంత రాబడి, అంటే పరీక్ష ఫీజులు, అఫిలియేషన్ ఫీజులు, దూరవిద్య. మీ హాస్టల్ మరమ్మతు నిజానికి ఈ డబ్బాలోంచే రావాలి. అది చిక్కిపోయిందే అసలు సమస్య. 1968లో పీజీ సెంటరుగా మొదలై 1981లో విశ్వవిద్యాలయమైన మీ అనంతపురం శ్రీకృష్ణదేవరాయ కింద ఒకప్పుడు కర్నూలు జిల్లా కాలేజీలు కూడా ఉండేవి. 2008లో కర్నూలులో రాయలసీమ విశ్వవిద్యాలయం వచ్చాక ఆ కాలేజీలు అటు పోయాయి. వాళ్లకు విశ్వవిద్యాలయం దగ్గరైంది, మంచిదే. కానీ కాలేజీలతో పాటు ఫీజులూ పోతాయి, నలభై ఏళ్ల నాటి భవనాలు మాత్రం ఎక్కడివక్కడే ఉంటాయి. వాటికి సున్నం వేయాల్సింది ఆ మిగిలిన రాబడితోనే.

మూడోది కేంద్రం డబ్బు. కొత్త భవనాలు ఎక్కువగా దీనితోనే లేస్తాయి. ఒకప్పుడు యూజీసీ, అంటే విశ్వవిద్యాలయాలకు గ్రాంట్లిచ్చే కేంద్ర సంస్థ, ఒక్కో పంచవర్ష ప్రణాళికకు ఇంత అని ఇచ్చేది. 12వ ప్రణాళికతో, అంటే 2017తో ఆ పద్ధతి ముగిసింది. 2013లో రూసా అనే కేంద్ర ఉన్నత విద్యా పథకం వచ్చింది, 2023లో అది పీఎం-ఉషా అయింది. మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం వాటా 60, రాష్ట్రం వాటా 40. యూజీసీ చట్టంలో 12-బి గుర్తింపు లేని విశ్వవిద్యాలయానికి కేంద్రం గ్రాంటు రాదు. కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం 2006లో పుట్టింది, కర్నూలుది 2008లో. కొత్తగా పుట్టిన ఏ విశ్వవిద్యాలయమైనా ముందు ఆ గుర్తింపు తెచ్చుకుని, ఆ తర్వాతే చేయి చాచాలి. ఇక ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు ఉంటాయి గానీ, నియోజకవర్గమంతా అదే సొమ్ము కోసం చూస్తుంటుంది. అంత పోటీలో మనకు దక్కేది ఒక రీడింగ్ రూమో, ఒక షెడ్డో. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బుతో మా దగ్గర ఒక ఆర్ఓ ప్లాంటు వచ్చింది. దాని మీద ఆ కంపెనీ బోర్డు ప్లాంటు కంటే పెద్దది.

(అనంతపురం పక్కన జంతలూరు దగ్గర స్థలం కేటాయించిన కేంద్రీయ విశ్వవిద్యాలయం సంగతి వేరు. 2014 విభజన చట్టంలో హామీ ఇచ్చారు, 2018లో మొదలైంది, దాని భవనాల ఖర్చు నేరుగా కేంద్రానిదే. దాన్ని చూపించి ‘వాళ్లకెట్లా వచ్చింది’ అని మన వీసీని అడగడంలో అర్థం లేదు.)

ఇప్పుడు మీకు కోపం తెప్పించే సంగతి. మరమ్మతుకు కేంద్రం డబ్బే ఇవ్వదని చాలామంది అనుకుంటారు. కానీ రూసాలో విశ్వవిద్యాలయానికి ఇచ్చిన 20 కోట్ల మౌలిక వసతుల గ్రాంటులో కొత్త కట్టడానికి 35 శాతం, పాతవి బాగు చేయడానికి 35 శాతం, పరికరాలకు 30 శాతం అని నిబంధన. అంటే మరమ్మతుకు 7 కోట్లు. అదెక్కడికి పోయిందంటారా? మా దగ్గర ఎక్కడికి పోయిందో చెప్పగలను, ఎందుకంటే ఆ ఎస్టిమేట్లలో సగం నా చేత్తో రాసినవే. పరిపాలనా భవనం మెట్లకు గ్రానైటు, విభాగాధిపతుల గదులకు టైల్స్, సెమినార్ హాళ్లకు ఫాల్స్ సీలింగ్. బిల్డింగ్ కమిటీలో ఎవరూ దొంగతనం చేయలేదు. ప్రతి విభాగమూ తనకు కావలసింది రాసి పంపింది. విద్యార్థుల తరఫున హాస్టల్ గురించి వార్డెన్ రాసిన కాగితంలో ‘లీకేజీ ఉంది, తగు చర్య తీసుకోవలసినదిగా మనవి’ అని ఒకే వాక్యం ఉంది. ఎంత విస్తీర్ణం, ఎన్ని గదులు, ఎంత ఖర్చు, ఏమీ లేదు. ఎస్టిమేటు లేని పనికి కమిటీలో మాట్లాడేవాడుండడు.

ఒక సెమినార్ హాలు మీద స్లాబు నెమ్ము ఎక్కుతోందని నాకు తెలుసు. ముందు పైన బాగు చేసి తర్వాత ఫాల్స్ సీలింగ్ వేద్దామని నోట్ ఫైల్లో రాశాను కూడా. మార్చి 31 లోపు ఖర్చు చూపాలన్న టెన్షన్‌లో ఆ నోట్ పక్కకు పోయింది. అక్టోబరులో ఒక పీహెచ్‌డీ వైవా జరుగుతుండగా జిప్సం బోర్డు నీళ్లు తాగి ఉబ్బి, మధ్యలో ఊడి పడింది. టీ కప్పుల మీద పడింది గానీ మనుషుల మీద పడలేదు. ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్‌గా వచ్చిన పెద్దాయన చొక్కా దులుపుకుంటూ “డిగ్రీ ఇచ్చేశాం లెండి, అందరం బయటికి పోదాం” అన్నారు.

పద్ధతి ఎలా నడుస్తుందో కూడా అడిగారు. విభాగం అవసరం రాస్తుంది. ఇంజనీరింగ్ వాళ్లు చదరపు మీటరుకు ఇంత అని రఫ్ ఎస్టిమేటు వేస్తారు. అది బిల్డింగ్ కమిటీ, ఫైనాన్స్ కమిటీ, పాలక మండలి దాటితే పరిపాలనా అనుమతి వస్తుంది. ఆ తర్వాత ఎస్ఎస్ఆర్, అంటే ప్రభుత్వం ఖరారు చేసిన పనుల ధరల పట్టిక రేట్లతో పూర్తి ఎస్టిమేటు, సాంకేతిక అనుమతి, ఈ-ప్రొక్యూర్‌మెంటులో టెండరు, అగ్రిమెంటు. ఇన్నీ సాఫీగా జరిగినా మొదటి గడ్డపార దెబ్బ పడేసరికి మా దగ్గర ఏడాది తిరిగేది.

ఈ రఫ్ ఎస్టిమేటు దగ్గరే చాలా భవనాల తలరాత తేలిపోతుంది. అనంతపురంలో ఐదారడుగులు తవ్వితే గట్టి మొరమో, బండో తగులుతుంది. పునాది చవక, బండ పగలగొట్టే కూలి తప్ప. అదే ప్లాను కర్నూలు వైపు నల్లరేగడిలో కడితే పునాది ఖర్చు ఎక్కడికో పోతుంది. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే నేల అది. అండర్ రీమ్డ్ పైల్స్ (లోతుకు దించి, అడుగున ఉబ్బెత్తుగా పోసే కాంక్రీటు స్తంభాలు) లాంటివి వేయాలి, లేకపోతే మూడో ఏడు గోడల్లో మూల నుంచి మూలకు పగులు కనిపిస్తుంది. చదరపు మీటరు రేటుకు మాత్రం నేల రంగు తెలీదు. మట్టి పరీక్ష చేయకముందే గ్రాంటు అంకె ఖరారైపోతుంది. పునాదిలో పెరిగిన ఖర్చును పైన ఎక్కడో కోస్తారు. ఎక్కువగా కోత పడేది మిద్దె మీద చేయాల్సిన వాటర్ ప్రూఫింగ్‌కే. ఆఖర్న జరిగే పని కదా, అప్పటికి డబ్బు అయిపోయి ఉంటుంది. మీ నెత్తిన పడుతున్న చుక్క అక్కడ మొదలై ఉండొచ్చు.

వీటికి తోడు పన్నులు. ప్రభుత్వ పనుల మీద జీఎస్టీ 2022లో 12 నుంచి 18 శాతానికి పెరిగింది. అప్పటికే మంజూరైన పనులకు ఆ తేడా ఎవరిస్తారు? గ్రాంటు పెరగదు కాబట్టి భవనమే తగ్గాలి. లేబర్ సెస్సు ఒక శాతం ఎట్లాగూ ఉంది.

మీ క్యాంపస్‌లోనూ ఒక మొండి భవనం ఉండే ఉంటుంది. మా దగ్గర లైబ్రరీ అనెక్స్ అలాంటిదే. 11వ ప్రణాళికలో మంజూరై, మొదటి విడత డబ్బుతో గ్రౌండ్ ఫ్లోరు స్లాబు దాకా వచ్చింది. రెండో విడత రావాలంటే యూసీ, అంటే ఇచ్చిన డబ్బు దేనికి ఖర్చయిందో చెప్పే వినియోగ పత్రం పంపాలి. పంపారు. కాకపోతే మొదటి విడత సొమ్ము బ్యాంకులో ఉన్నన్నాళ్లూ పడిన వడ్డీ అందులో చూపలేదు. అది ఏమైందో చెప్పమని పైనుంచి లెటరు వచ్చింది. అప్పటికి ఫైనాన్స్ ఆఫీసర్ మారారు, సెక్షన్ గుమాస్తా మెడికల్ లీవు. ఆ లెటరు పద్నాలుగు నెలలు ఒక ఫైల్లో పడుకుంది. ఈలోగా ఇసుక, స్టీలు ధరలు పెరిగాయి. పాత రేటుకు నావల్ల కాదని కాంట్రాక్టర్ తప్పుకున్నాడు. పైఅంతస్తు కోసం వదిలిన స్తంభాల కమ్మీలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయించాం. ఒకసారి పూస్తే చాలనుకున్నాం గానీ నాలుగుసార్లు పూయాల్సి వచ్చింది. పక్క హాస్టల్ పిల్లలు ఆ కమ్మీలకు తాడు కట్టి టవళ్లు ఆరేసుకునేవాళ్లు. వడ్డీ ఎంతో తెలుసా? ముప్పై వేల చిల్లర. కొత్త ఎస్ఎస్ఆర్‌తో మళ్లీ టెండరు పిలిచినప్పుడు పెరిగిన ఖర్చు దానికి వందరెట్లకు పైమాటే.

సరే, మీ మిద్దె సంగతికి వద్దాం. మా దగ్గర ఎనభైల్లో కట్టిన ఒక హాస్టల్ బ్లాకు ఇట్లాగే కురిసేది. పాత ఇటుకజల్లి, సున్నం పొర అంతా ఎత్తి కొత్తగా వేయడానికి 18 లక్షలకు ఎస్టిమేటు రాసి పంపాను. రెండేళ్లు తిరిగింది, ‘నిధుల లభ్యతను బట్టి’ అన్న ఎండార్స్‌మెంటుతో వెనక్కొచ్చింది. అప్పుడు మా దగ్గర తాడిపత్రి నుంచి వచ్చిన ఒక తాపీ మేస్త్రి ఉండేవాడు. ఆయన “స్లాబు కత ఆనక సూద్దాం సార్, ముందు నీళ్లు యాడికి పోతాండాయో సూద్దాం” అని మూడు డ్రమ్ముల నీళ్లు పైకి మోయించి మిద్దె మీద వదిలాడు. నీళ్లు కదల్లేదు. నాలుగు రెయిన్ వాటర్ పైపుల్లో మూడు మూసుకుపోయి ఉన్నాయి. ఒకదాంట్లోంచి వేపాకు ముద్దతో పాటు రెండు టెన్నిస్ బంతులు, ఒక షటిల్ కాక్ బయటికొచ్చాయి. ఇంకోదాని మూతి దగ్గర రావిమొక్క మొలిచి, వేరు పిట్టగోడలోకి దిగింది. సోలార్ హీటర్ స్టాండు బిగించినవాళ్లు స్లాబులోకే బోల్టులు దించారు. గదుల్లో చుక్క పడే చోట్లు చూస్తే సరిగ్గా ఆ బోల్టుల కిందే.

పైపులు మార్చి, రావిమొక్క వేరుతో సహా తీయించి, బోల్టుల చుట్టూ గ్రౌటింగ్ చేయించి, అంటే సందుల్లో సిమెంటు ముద్ద నింపించి, వాలు లేని చోట కొత్తగా వాలు పెట్టించాం. మొత్తం అరవై వేల లోపే అయింది. రిజిస్ట్రార్ గారు తన అధికారంలోనే మంజూరు చేయగలిగిన మొత్తం. ఏ కమిటీకీ పోనక్కర్లేకపోయింది. ఆ తర్వాత నేనున్నంత కాలం ఆ బ్లాకు రెండు గదుల్లో మాత్రమే కురిసింది. 18 లక్షల ఎస్టిమేటు రాసే ముందు నేనొకసారి పైకెక్కి ఉంటే రెండేళ్లు పోయేవి కావు. ఆ ఎస్టిమేటు నా సీట్లో కూర్చుని పాత డ్రాయింగు చూసి రాసింది.

అన్ని హాస్టళ్లకూ ఇంత చవగ్గా తీరదు. మీ గదుల్లో పెచ్చులూడి కమ్మీలు కనిపిస్తుంటే అది వేరే జబ్బు. దానికి పూతలు పనికిరావు, స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి. మీ ఊళ్లోనే జేఎన్‌టీయూ సివిల్ విభాగం ఉంది. అక్కడి వాళ్ల చేత పరీక్ష చేయించమని అడగొచ్చు. అలాంటి గదుల్లో పిల్లల్ని ఉంచకూడదు, ఆ మాట మాత్రం కాస్త గట్టిగానే చెప్పండి.

మీరు ధర్నా చేయాలనుకుంటే చేయండి, నేను వద్దనను. దానికంటే ముందు ఒక పని చూడండి. వచ్చే ఏడు బడ్జెట్ అంచనాలు చలికాలంలో తయారవుతాయి. ఫిబ్రవరి తర్వాత ఎంత అరిచినా అది ఆపై ఏడాదికే. కాబట్టి నవంబరులోనే వార్డెన్ ద్వారా కాగితం పెట్టండి. ‘తగు చర్య’ అని కాకుండా గది నంబర్లు, ఫొటోలు, వాన పడిన తేదీలు రాయండి. ఇంజనీరింగ్ విభాగాన్ని ఎస్టిమేటు వేయమని అందులోనే అడగండి. కొత్త బ్లాకు ఏ పద్దు కింద వచ్చిందో, అందులో మరమ్మతుల భాగం ఎంతో తెలుసుకోవాలంటే పరిపాలనా అనుమతి కాపీ ఇమ్మని సమాచార హక్కు కింద 10 రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ‘నిధుల వివరాలు ఇవ్వండి’ అని అడిగితే వంద పేజీలిచ్చి ముంచేస్తారు. ఆ ఒక్క కాగితమే అడగండి.

అంతకంటే ముందు, ఈసారి వాన వెలిసిన గంటకు వాచ్‌మన్‌ను తోడు తీసుకుని మిద్దె ఎక్కండి. నీళ్లు ఎక్కడ నిలిచాయో ఆనవాలుకు సుద్దముక్కతో గీత గీసి, పైపు మూతుల ఫొటోలు తీసి ఈ జవాబు కిందే పెట్టండి. రావిమొక్క కనిపిస్తే పైకి లాగకండి, తెగిపోయి వేరు లోపలే ఉండిపోతుంది.