మూతులు చేసుకుంట చేసుకుంట ఫర్రీలల్ల కలిసిన

మాస్కులు చేసేటోళ్లు ఫర్రీ ఫ్యాండమ్‌లకు (మనుషుల లెక్క నడిచే జంతువుల పాత్రలంటే ఇష్టపడేటోళ్ల గుంపు) ఎట్ల పోతరు, గదంతా పిచ్చి కాదా అని శానమంది అడుగుతరు, నా సంగతి చెప్త.

మాది దేవరకొండ దిక్కు. పీర్ల పండుగకు మా వాడల పులి వేషం కట్టేటోళ్లు, తలకాయ మా మామ చేసేటోడు, మట్టి అచ్చు మీద పాత పేపర్లు మైదా లై తోని పొర మీద పొర అతికి, ఎండినంక మట్టి తీసేసుడు. లై ఉడకబెట్టుడు నా పని (ఇంత మైలుతుత్తం వెయ్యకపోతే పురుగు పడ్తది). తర్వాత డిగ్రీల స్కూల్ ఫంక్షన్లకు కోతి, ఏనుగు మూతులు చేసి అమ్మిన, గప్పుడే యూట్యూబ్‌ల ఫర్‌సూట్ (ఫర్రీలు తొడుక్కునే బొచ్చు జంతువు వేషం) తలకాయ చేసే వీడియో కనవడ్డది.

పరుపుల షాపుల స్పాంజి, హైదరాబాద్‌ల బొచ్చుబట్ట తెచ్చి మొదలువెట్టిన. బొచ్చును కత్తెరతోని పైకెల్లి కట్ చేసిన, అంచులన్నీ గుండు గీకినట్లయినయ్, పైసలు గంగపాలు. తిరగేసి వెనక బట్టను మాత్రమే బ్లేడుతోని కోయాల్నట. కండ్లైతే ఇంకో ముచ్చట, సన్న జాలీ మీద రంగేస్తే బయటోళ్లకు కన్ను కనవడ్తది, లోపలున్నోళ్లకు తొవ్వ కనవడ్తది. కన్నును కొంచెం లోపలికి గుంటల పెడ్తె మనం ఎటు పోతె అటే చూసినట్లుంటది, మొదటిసారి నాకే భయమైంది.

ఇగ పిచ్చి అంటరా. మనుషుల లెక్క నడిచే, మాట్లాడే జంతువుల పాత్రలంటే పానం వెట్టేటోళ్లే ఫర్రీలు, శానమందికి సూటే ఉండది, అది వేల డాలర్ల ముచ్చట, బొమ్మలు గీసుకుంటరు, కథలు రాసుకుంటరు గంతే. అమెరికాల 1989లనే కన్ఫ్యూరెన్స్ అని వీళ్ల సభ అయింది, ఇప్పుడు పిట్స్‌బర్గ్‌ల అయ్యే ఆంత్రోకాన్ పెద్ద సభలల్ల ఒకటి, నేను పోలేదు, వీడియోలల్ల చూసుడే. ఊర్ల పులి ఎవరు కట్టాల్నో పెద్దమనుషులు చెప్తరు, ఫర్రీలల్ల మాత్రం నీ జంతువు ఏంది అని నన్నే అడిగిన్రు! అందరూ తోడేళ్లు, నక్కలే గీస్తున్రు, నేను మన అమ్రాబాద్ అడవి గుడ్డెలుగును పెట్టుకున్న, ఛాతి మీద తెల్ల గీతతోని. మీకు కూడా మనసుంటే ముందు బొమ్మ గీయుండ్రి, స్పాంజి తర్వాత కొనొచ్చు.

మొన్న మామకు ఎలుగు తలకాయ పెట్టి చూపించిన, మూతిల చిన్న ఫ్యాన్ ఉంది దానికి. తీస్తలేడు. "గిదేదో ముందే చెప్పొద్దా పిల్లా, పులి తలకాయల అర్ధగంటకే పానం పోతుండె" అన్నడు. వచ్చే పీర్లకు పులికి కూడా ఫ్యాన్ కావాల్నట.