కార్మికులకు న్యాయంగా కూలీ ఇచ్చి చేసిన స్కేట్ బూట్లకు ఎక్కువ ధర పెట్టడం సబబేనా?

స్కేట్‌బోర్డింగ్ మొదలుపెట్టి నెల అయిందని, మామూలు స్కేట్ బూట్లు నాలుగైదు వేలకు దొరుకుతుంటే, కార్మికులకు న్యాయమైన జీతాలిచ్చి చేశామని చెప్పే జత ఎనిమిది వేలు దాటుతోందని రాశారు. రెండు మూడు నెలల్లో చిరిగిపోయే వాటికి అంత పెట్టాలా అని అడిగారు. ఎక్కువ కాలం మన్నుతాయనే ఆశతో అయితే పెట్టకండి. కుట్టినవారికి ఆ డబ్బు చేరాలన్న కోరికతో అయితే పెట్టండి, కానీ ముందు కంపెనీని ఒక మాట అడిగి చూడండి. ఇలా ఎందుకు అంటున్నానో చెబుతాను.

నేను బెంగళూరులో ఏడేళ్లుగా స్కేట్ చేస్తున్నాను. బోర్డు మీద అతికించే గ్రిప్ టేపు గరుకు కాగితం లాంటిది. ఓలీ, అంటే బోర్డుతో సహా గాల్లోకి ఎగరడం, కొట్టిన ప్రతిసారీ ముందుకాలి బూటు పక్క భాగం, చిటికెనవేలు ఉండే చోటు, దాని మీద రుద్దుకుంటూ జరుగుతుంది. ఆ రాపిడి లేకపోతే బోర్డు కాలితో పాటు పైకి రాదు. అంటే బూటు అరగడం ఈ ఆటలో తప్పనిసరి. నేను 3,200 పెట్టి కొన్న కాన్వాస్ జతకు ఇరవై అయిదో రోజున చిల్లు పడి మేజోడు కనిపించింది. 5,000 పెట్టిన స్వేడ్ తోలు జత దాదాపు మూడు నెలలు వచ్చింది. న్యాయంగా చేసినదని 8,500 పెట్టి కొన్న జత కూడా స్వేడే, అదీ మూడు నెలలకు వారం తక్కువగా వచ్చింది. మన్నికను తేల్చేది ఏ గుడ్డ, ఏ తోలు, రాపిడి తగిలే చోట కుట్లు ఉన్నాయా లేదా అన్నవే. ముందుభాగం ఒకే ముక్కగా ఉండి, లోపల పలుచని రబ్బరు పొర వేసిన బూటు అన్నిటికన్నా ఎక్కువ కాలం నిలుస్తుంది. రాపిడి తగిలే చోట కుట్టు ఉంటే ముందు దారం తెగుతుంది, తర్వాత ముక్క ఊడుతుంది. చిల్లు పడబోతోందని తెలియగానే పాత సైకిలు ట్యూబు ముక్కను లోపలి నుంచి అతికిస్తే ఇంకో మూడు వారాలు లాగవచ్చు. మా వీధి చివర చెప్పులు కుట్టే ఆయన నలభై రూపాయలకు ఆ పని చేసి పెడతారు.

ఇక రెండో విషయం. నాకు ముఖ్యమైనది ఇదే.

మాది కుప్పం. బెంగళూరు నుంచి వచ్చే రైలు కుప్పం దాటాక జోలార్‌పేట, వాణియంబాడి మీదుగా ఆంబూరు వెళుతుంది. అదంతా తోలు, బూట్ల పరిశ్రమ ఉన్న ప్రాంతం. మా పెద్దమ్మను ఆంబూరు దగ్గరి ఊరికి ఇచ్చారు. ఆమె పదకొండేళ్లు ఇంటి వరండాలో కూర్చుని బూట్ల అప్పర్లు కుట్టింది. అప్పర్ అంటే సోలు అతికించక ముందు పాదాన్ని కప్పే పైభాగం. ఏజెంటు ఉదయం సంచిలో కత్తిరించిన ముక్కలు తెచ్చి పడేసేవాడు, సాయంత్రం లెక్కపెట్టి తీసుకెళ్లేవాడు. కూలీ జతకింత అని, అదీ పది రూపాయల లోపే. దారం రెండు కొసలకు రెండు దబ్బనాలు, మోకాళ్ల మధ్య బిగించిన తోలు, ప్రతి కుట్టుకూ రెండు చేతులతో గట్టిగా లాగడం. చూపుడువేళ్ల మడతల్లో దారం కోసిన గాట్లు ఆమెకు ఇప్పటికీ ఉన్నాయి. చిన్నప్పుడు సెలవులకు వెళ్లినప్పుడు ఆ వేళ్లకు పాత గుడ్డ పీలికలు చుట్టే పని నాదే. అదనపు గంటలు పనిచేస్తే రెట్టింపు కూలీ ఇవ్వాలని చట్టం చెబుతుంది, కానీ పెద్దమ్మ పేరు ఏ ఫ్యాక్టరీ రిజిస్టరులోనూ లేదు. పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు. ఆమె కుట్టినవి విదేశాలకు వెళ్లే తోలు బూట్లు, స్కేట్ బూట్లు కావు. స్కేట్ బూట్లు ఎక్కువగా చైనా, వియత్నాంలలో మిషన్ల మీద తయారవుతాయి. అయినా పైన కంపెనీ, దాని కింద ఫ్యాక్టరీ, దాని కింద చిన్న యూనిట్లు, ఏజెంట్లు అనే వరుస అక్కడా ఉంటుంది. వరుసలో ఎంత కిందికి వెళితే మనుషులు అంత కనబడకుండా పోతారు.

అందుకే పెట్టె మీది ముద్ర ఒక్కటే చూసి నేను నమ్మను. 2012 సెప్టెంబరు 11న కరాచీలోని అలీ ఎంటర్‌ప్రైజెస్ అనే దుస్తుల ఫ్యాక్టరీ కాలిపోయి 250 మందికి పైగా చనిపోయారు. దానికి కొద్ది వారాల ముందే ఆ ఫ్యాక్టరీకి ఎస్ఏ 8000 అనే కార్మిక ప్రమాణాల ధ్రువపత్రం ఇచ్చారు. ఆ మరుసటి ఏడాది ఏప్రిల్ 24న ఢాకా దగ్గర దుస్తుల ఫ్యాక్టరీలున్న రాణా ప్లాజా భవనం కూలి 1,134 మంది పోయారు. ఆ తర్వాత బంగ్లాదేశ్‌లో కార్మిక సంఘాలు, బ్రాండ్లు కలిసి సంతకం చేసిన ఫ్యాక్టరీల భద్రత ఒప్పందం మీద నాకు గౌరవం ఉంది. దానికి చట్టబద్ధత ఉంది, తనిఖీల నివేదికలు అందరికీ కనిపించేలా పెట్టారు, సంతకం చేసినవారిలో కార్మికుల తరఫువారూ ఉన్నారు.

ఇంకో చిక్కు ఉంది. జంతువుల తోలు వాడలేదు, లేసులు పాత సీసాల ప్లాస్టిక్‌తో చేశాం, జతకొక చెట్టు నాటతాం అని రాస్తారు. వాటిని నేను తక్కువ చేయను. మా పాలారు కుప్పం వైపు నుంచే తమిళనాడులోకి వెళుతుంది. వాణియంబాడి, ఆంబూరు తోళ్ల శుద్ధి కేంద్రాల మురికి ఆ నదిని ఎంత పాడు చేసిందంటే, విషయం 1996లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చేదాకా వెళ్లింది. తోలు మానేయడానికి మంచి కారణమే అది. కానీ తోలు లేని బూటును కుట్టిన మనిషికీ ఆకలి ఉంటుంది, నడుము నొప్పి ఉంటుంది. చెట్టు లెక్క, కూలీ లెక్క వేరువేరు. కొనేటప్పుడు మీరు దేనికి డబ్బు ఇస్తున్నారో స్పష్టంగా తెలిసి ఇవ్వండి.

నేను కొనే ముందు రెండు కంపెనీలకు ఒకే ఉత్తరం రాశాను. అప్పర్ ఏ ఊళ్లో కుడతారు, ఫ్యాక్టరీ లోపలా బయట ఇళ్లలోనా, కుట్టేవారికి నెల జీతమా జతకింతా, సంఘం ఉందా అని అడిగాను. మొదటి కంపెనీ మరునాడే జవాబిచ్చింది. అందులో సీసాల లేసుల గురించి మూడు పేరాలు ఉన్నాయి, నేను అడిగినదానికి ఒక్క వాక్యం లేదు. రెండో కంపెనీ పన్నెండు రోజుల తర్వాత రాసింది. ఊరు పేరు చెప్పింది, కుట్టుపని అంతా లోపలే, నెల జీతాలే అని చెప్పింది, సంఘం లేదని, కార్మికుల కమిటీ మాత్రమే ఉందని దాచకుండా ఒప్పుకుంది. లోపాన్ని ఒప్పుకున్నందుకే ఆ మిగతా మాటలు నమ్మాను. 8,500 పెట్టిన జత అదే.

ఆ బూట్లు తీసుకుని ఊరెళ్లినప్పుడు పెద్దమ్మ ఒకటి చేతిలోకి తీసుకుని, తిప్పి, కుట్టు మీద గోరు పెట్టి జరిపి చూసింది. "ఇది మిషన్ కుట్టు నాయనా. కుట్టిన ఆమెకు ఎంత ఇస్తారట?" అని అడిగింది. నెల జీతమట పెద్దమ్మా అన్నాను. "పండగ రోజు పని లేకపోయినా ఇస్తారా?" అంది. ఇస్తారనే అనుకుంటున్నాను అన్నాను. బూటు జాగ్రత్తగా కింద పెట్టింది.

లెక్క విషయంలో ఒక సంగతి గుర్తుంచుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 రూపాయలు దాటిన బూట్ల మీద 18 శాతం జీఎస్టీ ఉంది. ఆ లెక్కన నేను ఎక్కువ పెట్టిన 3,500లో 530 రూపాయలకు పైగా పన్నుకే పోతుంది. మిగిలినదంతా కార్మికుల చేతికి వెళుతుందని కూడా అనుకోకండి. తక్కువ సంఖ్యలో చేసే కంపెనీకి ఒక్కో జత మీద ఖర్చే ఎక్కువ పడుతుంది.

మీరు కొత్తవారు కాబట్టి మీ లెక్క నాకన్నా మెరుగ్గా ఉంటుంది. మొదటి నాలుగైదు నెలలు మీరు తోయడం, తిరగడం, ఆగడం నేర్చుకుంటారు. ఓలీలు తక్కువ కనుక బూటు అంతగా అరగదు. మంచి స్వేడ్ జత మీకు ఆరు నెలలు రావచ్చు, మంచి ధర పెట్టడానికి ఇదే తగిన సమయం. ఆర్డరు పెట్టే ముందు పైన చెప్పిన ప్రశ్నలతో కంపెనీకి ఉత్తరం రాయండి, రెండు వారాలు ఆగండి. సూటిగా జవాబిస్తే కొనండి. ఇవ్వకపోతే అయిదు వేల స్వేడ్ జత తీసుకుని, మిగిలిన డబ్బుతో హెల్మెట్, మోకాలి ప్యాడ్లు కొనుక్కోండి.