అపెండిసైటిస్ అనుమానమని చేర్చుకుని, ఆపరేషన్ చేయకుండా పంపినా అంత బిల్లా?

అపెండిసైటిస్ (పెద్దపేగు మొదట్లో తోకలా ఉండే అపెండిక్స్ వాచిపోవడం) అనుమానంతో మీ తమ్ముణ్ణి కందుకూరు నుంచి నెల్లూరు తీసుకెళ్తే 2 రోజులు ఉంచుకుని మందులతో పంపేశారు, బిల్లు మాత్రం తడిసి మోపెడైంది, ఇన్సూరెన్సు కూడా రాదన్నారు, ఇది మోసమా అని అడిగారు. చాలాసార్లు కాదు. 24 గంటల నొప్పిలో అనుమానం తీరడానికే డబ్బు కరిగిపోతుంది.

సర్జన్లు అల్వరాడో స్కోరని 10 మార్కులకు లెక్కేస్తారు. కుడివైపు పొత్తికడుపు నొక్కితే నొప్పికి 2, తెల్లకణాలు 10,000 దాటితే 2. బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడి కిందికి దిగడం, ఆకలి చచ్చిపోవడం, వాంతులు, నొక్కి వదలగానే కలుక్కుమనడం, జ్వరం, తెల్లకణాల్లో న్యూట్రోఫిల్స్ అనే రకం పెరగడం, వీటికి తలా 1. 7 గానీ ఆపైన గానీ వస్తే అపెండిసైటిస్ అయ్యే అవకాశం ఎక్కువ. 4 గానీ అంతకన్నా తక్కువ గానీ అయితే అవకాశం తక్కువ. 5, 6 దగ్గర ఆగినవాళ్లకే ఖర్చు.

ముందు అల్ట్రాసౌండ్. నొప్పి ఉన్నచోట ప్రోబ్‌ను మెల్లగా అదుముతూ పేగుల్లో గ్యాస్‌ను పక్కకు జరుపుతారు. మామూలు అపెండిక్స్ అణుగుతుంది, వాచింది అణగదు, 6 మిల్లీమీటర్లు దాటి ఉంటుంది. మనిషి లావైనా, గ్యాస్ ఎక్కువున్నా అసలు కనపడకపోవచ్చు. రిపోర్టులో 'కనపడలేదు' అని రాస్తే బాగుందని కాదు, తేలలేదని. అప్పుడు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చూసి, నరంలోకి కాంట్రాస్ట్ మందు ఎక్కించి సీటీ స్కాన్ చేస్తారు. ఆడవాళ్లయితే గర్భం పరీక్ష, అండాశయంలో గడ్డ ఉందేమో చూడటం అదనం. మూత్రనాళంలో రాయి కూడా ఇదే నొప్పి తెప్పిస్తుంది.

ఒంగోలులో సీటీ తీయించుకుని కాగితం రిపోర్టు ఒక్కటే పట్టుకుని నెల్లూరు వస్తే మళ్లీ తీస్తారు. ఫిల్ములు, సీడీ అడిగి తెచ్చుకోండి. అన్నీ తెచ్చినా బయటి స్కానింగ్‌ను మేం ఒప్పుకోం అనే ఆసుపత్రులున్నాయి, అది నాకు అన్యాయమే అనిపిస్తుంది. అంతకన్నా నష్టం ఊళ్లోనే జరుగుతుంది. ఆర్‌ఎంపీ దగ్గర గ్యాస్ ఇంజెక్షన్ వేయించుకుని, ఆముదం తాగి రాత్రంతా గడిపేస్తారు. అపెండిక్స్ పగిలితే కడుపంతా కడగాలి, డ్రెయిన్ గొట్టం, రోజుల తరబడి యాంటీబయాటిక్స్, ఒక్కోసారి ఐసీయూ. ఖర్చు ఎన్నో రెట్లవుతుంది.

మందులతో తగ్గిందని పూర్తిగా నిశ్చింత కూడా వద్దు. ఫిన్లాండులో చేసిన ఆపాక్ అనే పరిశోధనలో యాంటీబయాటిక్స్ మాత్రమే ఇచ్చిన పెద్దవాళ్లలో ఏడాదిలోపు నూటికి సుమారు 27 మందికి, 5 ఏళ్లలో 39 మందికి ఆపరేషన్ అవసరమైంది. అపెండిక్స్‌లో మలం గట్టిపడి రాయిలా తయారైనవాళ్లను అందులో చేర్చుకోనేలేదు. రాయి ఉందో లేదో రిపోర్టులో చూసుకోండి.

ఇక ఇన్సూరెన్సు. కేవలం పరీక్షల కోసం చేరితే పాలసీలు మామూలుగా ఇవ్వవు. అందుకే డిశ్చార్జ్ సమ్మరీలో నోటికేమీ ఇవ్వకుండా సెలైన్ పెట్టడం, నరంలో ఇచ్చిన యాంటీబయాటిక్ పేరు, డోసు, సర్జన్ చూసిన వేళలు, చివరికి తేల్చిన జబ్బు స్పష్టంగా ఉండాలి. జరిగినదంతా రాయమని డాక్టరుగారినే అడగండి, తిరస్కరించిన క్లెయిమును ఆ కాగితంతో మళ్లీ పరిశీలించమనండి. గది అద్దె పరిమితి 3,000 ఉన్న పాలసీతో 6,000 గదిలో ఉంటే డాక్టరు ఫీజు, థియేటరు ఛార్జీల్లోనూ సగం కోత పడొచ్చు.

పాలసీ లేనివాళ్లు అడ్వాన్సు కట్టకముందే ప్రభుత్వ ఉచిత వైద్య పథకమైన ఎన్టీఆర్ వైద్య సేవ డెస్కులో సిబ్బందిని కలిసి, ఈ జబ్బుకు ఇదే ఆసుపత్రిలో వర్తిస్తుందో లేదో కనుక్కోవాలి. వర్తించదంటే నెల్లూరు దర్గామిట్టలోని ప్రభుత్వ పెద్దాసుపత్రికో ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రి జీజీహెచ్‌కో వెళ్లొచ్చు.