మిడి ఫైల్లో మృదంగం పియానోలా మోగితే ఛానల్ నంబరు సరిచూడండి

కావలి అన్నా, మీ కీబోర్డులో బాగున్న మిడి (కంప్యూటర్‌కీ వాద్యాలకీ మధ్య నడిచే సంగీత సూచనల పద్ధతి) ఫైల్లోని మృదంగం కంప్యూటర్లో పియానోలా మోగుతోందన్నారు. ఫైల్ చెడిపోలేదు. మిడిలో శబ్దం ఉండదు, ఏ స్వరం ఎప్పుడు, ఎంత గట్టిగా అన్న సూచనలే. ఆ సూచనలు వాద్యాల వారీగా వేర్వేరు ఛానళ్లలో (నంబరు వేసిన దారుల్లో) వెళ్తాయి. ఏ నంబరుకి ఏ వాద్యమో అందరికీ ఒకేలా ఉండేలా పెట్టిన 1991 నాటి జనరల్ మిడి పద్ధతిలో తాళవాద్యాలది 10వ ఛానల్. మీది వేరేదాంట్లో ఉన్నట్టుంది, మార్చండి. అయినా అసలు మృదంగం రాదు, జనరల్ మిడి వాద్యాల జాబితాలోనే లేదు. మృదంగం నోట్లను 60, 61 నంబర్లకి జరిపి, అక్కడ మోగే బాంగోలతో (చేత్తో వాయించే చిన్న జంట డప్పులు) సర్దుకోవాల్సిందే.

అందరికీ ఇచ్చే కాపీ టైప్ 1 అనే మిడి ఫైల్ రకంలో ఉంచండి, ట్రాకులు విడివిడిగా దొరుకుతాయి. ఫైళ్ల పేర్లు కీర్తన, రాగం, తాళం వరసలో పెట్టండి. నేను ఒంగోల్లో ‘పాట12’ అని పెట్టుకుని, ఓ ఆదివారమంతా ఒక్కోటీ వాయించి వెతుక్కున్నా! త్యాగరాజ కీర్తనలకి హక్కుల గొడవ లేదు. సినిమా పాటలు మాత్రం పెట్టకండి.