అమ్మను వంతులవారీగా చూసుకోవచ్చా?

ప్రశ్న: మాది గుంటూరు. అమ్మకు 78 ఏళ్లు. నాన్నగారు రెండేళ్ల క్రితం కాలం చేశారు. రేపల్లె దగ్గర పల్లెలో అమ్మ పేరిట ఇల్లు, రెండున్నర ఎకరాల మాగాణి ఉన్నాయి. పొలం కౌలుకు ఇచ్చాం. నాన్నగారి సంవత్సరీకాలైన తరువాత పెద్దవాళ్లందరం కూర్చుని, అమ్మ మూడు నెలలు హైదరాబాదులో అన్నయ్య దగ్గర, మూడు నెలలు నా దగ్గర ఉండేటట్టు, డాలస్‌లో ఉన్న తమ్ముడు ఖర్చులకు డబ్బు పంపేటట్టు అనుకున్నాం. ఏడాదిగా అమ్మ చెప్పిందే మళ్లీ మళ్లీ చెబుతోంది. సాయంత్రమైతే చీరలు సంచిలో సర్దుకుని "ఇంటికి పోదాం పదండి, మీ నాన్న ఎదురుచూస్తుంటారు" అంటుంది. తన గాజులు వదిన దొంగిలించిందని అమ్మ చుట్టాల ముందు అనేసింది. వదిన ఇక నా వల్ల కాదంటోంది. అన్నయ్య అమ్మ కావాలనే సాధిస్తోందంటాడు. తమ్ముడేమో "ఫోనులో నాతో బాగానే మాట్లాడుతోంది కదా" అంటాడు, ఆస్తి ఇప్పుడే ముగ్గురి పేరిట రాయించేద్దామంటున్నాడు. అమ్మను వృద్ధాశ్రమంలో చేర్చడం తప్పవుతుందా? ఆస్తి విషయం ఏం చేయాలి?

జవాబు: ఆశ్రమం గురించి, ఆస్తి గురించి తప్పకుండా చెబుతాను. అయితే వాటికంటే ముందు జరగవలసిన పని ఒకటి మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు. ఏడాదిగా ఇంత మార్పు వచ్చినా, అమ్మగారిని ఈ మతిమరుపు కోసమే ఒక వైద్యుడికి చూపించినట్టు మీరు రాయలేదు. బీపీ మాత్రలు రాసే డాక్టరుకు చూపించడం వేరు, ఇందుకోసమే న్యూరాలజిస్టుకో మానసిక వైద్యులకో చూపించడం వేరు. పెద్ద వయసులో మతిమరుపు వచ్చిన ప్రతి ఒక్కరికీ అల్జీమర్స్ అనుకోవలసిన పని లేదు. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ తగ్గిపోవడం, రక్తంలో సోడియం పడిపోవడం, ఎప్పుడో జారిపడినప్పుడు తలలో నెమ్మదిగా పేరుకున్న రక్తం, జలుబుకీ నిద్రకీ వేసుకునే మగతమాత్రలు, భర్త పోయిన తరువాత లోలోపల పట్టుకున్న దిగులు జబ్బు, ఇవన్నీ పైకి మతిమరుపులాగే కనిపిస్తాయి, వీటిలో చాలావాటికి చికిత్స ఉంది. చెవులు సరిగా వినపడకపోయినా, కళ్లకు శుక్లాలు ముదిరినా ఉన్న తికమక రెట్టింపవుతుంది. ఇవి ఏవీ కాదని తేలిన తరువాతనే డిమెన్షియా, అంటే జ్ఞాపకమూ తెలివిడీ క్రమంగా తగ్గిపోయే మెదడు జబ్బు, సంగతి ఆలోచించాలి. అదే అయినా, ముందుగా తెలిస్తే ఎంతో మేలు.

వైద్యుడి దగ్గరికి వెళ్లేటప్పుడు "మతిమరుపు ఉందండీ" అని ఒక్క మాటతో సరిపెట్టకండి. ఆవిడ వాడుతున్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఏయే రోజు ఏం జరిగిందో ఒక కాగితం మీద రాయండి: స్టవ్ వెలిగించి మరిచిపోయిన రోజు, వీధి చివర నుంచి ఇంటికి దారి తెలియని రోజు, పక్కింటావిడ పేరు తట్టని రోజు. ఆ కాగితాన్ని అమ్మగారి ఎదుట చదివి ఆవిడను చిన్నబుచ్చకుండా ముందుగానే వైద్యుడి చేతికి ఇవ్వండి. కొత్తవారి ముందు పది పదిహేను నిమిషాలు చక్కగా మాట్లాడగలగడం ఈ దశలో చాలామందిలో కనిపిస్తుంది. మీ తమ్ముడికి ఫోనులో వినిపిస్తున్నదీ ఆ పది నిమిషాల అమ్మే. అందువల్ల ఆయన చెప్పేది అబద్ధం కాదు, కాని ఆయనకు తెలిసింది చాలా తక్కువ. మరొక్క మాట గుర్తుంచుకోండి. ఉన్న తికమక రెండు మూడు రోజుల్లోనే ఒక్కసారిగా ఎక్కువైనా, మనిషి మగతగా పడి ఉన్నా అది మూత్రంలో ఇన్‌ఫెక్షనో సోడియం తగ్గడమో కావచ్చు. అప్పుడు వయసు మీద పడిందని సరిపెట్టుకోకుండా అదే రోజు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి.

ఇక వంతుల సంగతి. మీరు ముగ్గురూ న్యాయంగా ఉండాలని చేసుకున్న ఏర్పాటే అది, మీ ఉద్దేశంలో తప్పేమీ లేదు. కాని ఆ న్యాయం పిల్లల మధ్య జరిగింది; దాని భారమంతా అమ్మగారి మీద పడింది. జ్ఞాపకం సడలుతున్న మనిషికి పరిచయమైన ఇల్లే పెద్ద ఆసరా. బాత్రూము ఏ వైపు ఉందో, స్విచ్చు ఎంత ఎత్తులో ఉందో, మంచినీళ్ల బిందె ఎక్కడ ఉంటుందో ఆవిడ ఆలోచించి తెలుసుకోనక్కరలేదు. ఏళ్ల తరబడి నడిచిన ఇంట్లో కాళ్లకీ చేతులకీ అవి అలవాటై ఉంటాయి. మూడు నెలలకొకసారి ఇల్లు మార్చినప్పుడల్లా ఆ అలవాటు తెగిపోతుంది. హైదరాబాదు ఫ్లాటులో అర్ధరాత్రి లేచి బాత్రూమనుకుని వీధి తలుపు తీసే మనిషి, తన ఇంట్లో చీకట్లో కూడా తడబడకుండా వెళ్లివచ్చే అవకాశం ఉంది. కాబట్టి నా అభిప్రాయం స్పష్టంగా చెబుతున్నాను: అమ్మగారిని ఒకే చోట ఉంచండి, వంతులు మీరు వేసుకోండి.

ఆ చోటు ఏది అన్నది వైద్యుడు చూసిన తరువాత మీ ముగ్గురూ తేల్చుకోవాలి. ఆవిడ ఇంకా తన పనులు తాను చేసుకోగలుగుతూ, పల్లెలో ఇంటి పక్కన మీవాళ్లెవరైనా ఉంటే, రాత్రింబగళ్లు ఉండే ఒక నమ్మకమైన మనిషిని పెట్టి, నెలలో కొన్ని రోజులు మీరు, కొన్ని రోజులు మీ అన్నయ్య దంపతులు వెళ్లి ఉండడం మొదటి మార్గం. ఒక్క రాత్రి కూడా ఆవిడను ఒంటరిగా ఉంచడానికి వీల్లేదు. వంట అయ్యాక గ్యాస్ రెగ్యులేటరు కట్టేసి ఉంచాలి, ఇంటి పక్కన కాలువ ఉంటే ఆ వైపు తలుపుకు ఆవిడ చేతికి అందని ఎత్తులో గడియ పెట్టించాలి, మెడలోని గొలుసుకో చేతికో మీ ఫోను నంబరు చెక్కిన బిళ్ల ఉండాలి. అది కుదరని పక్షంలో ఆవిడ శాశ్వతంగా మీ దగ్గరే ఉండడం మంచిది. హైదరాబాదు కంటే గుంటూరు ఆవిడకు మాట, మనుషులు, వాతావరణం అన్ని విధాలా దగ్గర. కొడుకులుండగా కూతురింట్లో ఉండడమేమిటని నలుగురూ అంటారనే సంకోచం మీ అన్నయ్యకు ఉండవచ్చు, అమ్మగారికీ ఉండవచ్చు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం కొడుకునూ కూతురినీ సమానంగానే బాధ్యులుగా చూసింది. పరువు కోసం ఒక ముసలి తల్లిని ఆరు గంటల ప్రయాణం మళ్లీ మళ్లీ చేయించడం న్యాయం కాదని మీ అన్నయ్యకు మెల్లగా నచ్చజెప్పండి.

సాయంత్రం సంచి సర్దుకోవడం గురించి రాశారు. డిమెన్షియా ఉన్న చాలామందికి పొద్దువాలే వేళ ఆందోళన పెరుగుతుంది. "నాన్న పోయి రెండేళ్లయింది కదమ్మా" అని నిజం చెప్పి సరిదిద్దాలని చూస్తే, ఆవిడ ఆ చావు కబురును ప్రతి సాయంత్రం కొత్తగా వింటుంది. అలాగని అబద్ధమాడి "రేపు వస్తారు" అననూ అక్కరలేదు. "నాన్న గుర్తొచ్చారా అమ్మా? ఆయనకు ఏ కూర ఇష్టం?" అని అడిగి, పక్కన కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీసే పని చేతికి ఇవ్వండి. సంచిలో చీరలను లాక్కుని బీరువాలో పెట్టకండి. ఆవిడ నిద్రపోయాక సర్దుకోవచ్చు. చీకటి పడక ముందే గదుల్లో లైట్లన్నీ వేయండి, మధ్యాహ్నం నిద్ర గంటకు మించనివ్వకండి, సాయంత్రం నాలుగు దాటితే కాఫీ వద్దు. మంచం నుంచి బాత్రూము దాకా రాత్రంతా చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. బాత్రూములో పట్టుకోవడానికి గోడకు కడ్డీ, కింద జారని పట్టా, స్నానానికి ప్లాస్టిక్ స్టూలు ఏర్పాటు చేయండి. ఈ వయసులో తుంటి ఎముక విరిగితే తిరిగి లేచి నడవడం చాలా కష్టం, అందుకే ఈ ఖర్చుకు వెనుకాడవద్దు.

గాజుల విషయానికి వస్తున్నాను, మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా బాధపెట్టినది అదే. దొంగతనం అంటగట్టడం ఈ జబ్బులో తరచుగా వచ్చే లక్షణం. వస్తువును తానే ఎక్కడో దాచి, దాచిన సంగతి మరిచిపోయి, కనపడకపోయేసరికి ఎదురుగా ఉన్న మనిషిని అనుమానిస్తారు. ఎదురుగా ఉండేది ఎప్పుడూ సేవ చేసే మనిషే. మీ వదినగారు రోజంతా కనిపెట్టుకుని ఉన్నారు కనుకనే నింద ఆవిడ మీదికి వచ్చింది. మూడు రోజులు చూడడానికి వచ్చి వెళ్లేవాళ్ల మీదికి రాలేదు. ఆ మాట విన్న చుట్టాల్లో ఒక్కరైనా ఆవిడ పక్షాన మాట్లాడారా అన్నది మీరు రాయలేదు. మీరు మాట్లాడాలి. అదే చుట్టాలకు మీరే స్వయంగా ఫోను చేసి, అమ్మకు జబ్బు చేసిందని, గాజుల మాట ఆ జబ్బు వల్ల వచ్చిందని చెప్పండి. అసలు గాజులను ముగ్గురికీ తెలిసేటట్టు ఫోటో తీసి బ్యాంకు లాకరులో పెట్టి, ఆవిడకు అలాంటివే వన్‌గ్రామ్ గోల్డు గాజులు వేయండి. మళ్లీ ఏదైనా పోయిందంటే "ఎవరూ తీయలేదు" అని వాదించకుండా "పద, ఇద్దరం వెతుకుదాం" అనండి; తలగడ గలీబుల్లో, బియ్యం డబ్బాలో, చీరల మడతల్లో వెతికితే చాలావరకు దొరుకుతాయి.

మీ అన్నయ్య "కావాలనే చేస్తోంది" అనడం మొరటుగా వినిపించినా, దాని వెనుక నిద్రలేని రాత్రులు ఉండి ఉంటాయి. వైద్యుడి నోటి నుంచి జబ్బు పేరు విన్న తరువాత ఆ కోపం కొంత తగ్గే అవకాశం ఉంది, కాబట్టి ఆసుపత్రికి ఆయన్ను కూడా తప్పకుండా రమ్మనండి. అమ్మను చూసుకునే వారికీ నెలలో కొన్ని రోజులు పూర్తి విశ్రాంతి ఉండాలి. ఓపిక నశించి గొంతు లేస్తోందని అనిపించినప్పుడు 14416 నంబరుకు ఫోను చేస్తే టెలి మానస్ సేవలో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.

తమ్ముడు డబ్బు పంపడంతో బాధ్యత తీరిందనుకోవడానికి లేదు, దూరాన ఉన్నాడు కనుక ఏమీ చేయలేడనుకోవడానికీ లేదు. మన రాత్రి ఆయనకు పగలు. అమ్మగారి గదిలో కెమెరా పెట్టుకుంటే అర్ధరాత్రి ఆవిడ లేచిన సంగతి చూసి ఇంట్లో వారిని ఫోనుతో లేపే పని ఆయన అక్కడి నుంచే చేయగలడు. మందులు తెప్పించడం, డాక్టరు దగ్గర సమయం తీసుకోవడం, కౌలు డబ్బుకూ ఖర్చులకూ లెక్క రాయడం పూర్తిగా ఆయనకే అప్పగించండి. ఏడాదికి ఒక నెల వచ్చి, చుట్టపుచూపుగా కాక, ఒక్కడే అమ్మ పక్కన ఉండాలి. ఆ నెల మీరూ మీ వదినగారూ సెలవు తీసుకోండి.

ఆస్తి రాయించే విషయంలో తొందర వద్దు. అమ్మగారికి తాను ఏం రాసి ఇస్తున్నదో అర్థం కాని స్థితిలో చేయించిన దస్తావేజు చట్టం ముందు నిలవదు, పైగా మీ ముగ్గురి మధ్య కోర్టు వ్యాజ్యానికి అదే మొదలవుతుంది. ముందు వైద్యుడి అభిప్రాయం తీసుకోండి. ఆవిడకు ఇంకా తెలివిడి ఉందని ఆయన ధ్రువీకరిస్తే, ఆవిడతో విడిగా మాట్లాడి ఆవిడ ఇష్టం కనుక్కుని, దాన సెటిల్‌మెంటు (బ్రతికుండగానే ఆస్తిని పిల్లల పేరిట రాసి ఇచ్చేయడం) బదులు వీలునామా రాయించడం మేలు. వీలునామా ఆవిడ తదనంతరమే అమలులోకి వస్తుంది కనుక బ్రతికినన్నాళ్లూ ఇల్లూ పొలమూ ఆవిడవే. ఒకవేళ దాన సెటిల్‌మెంటే చేయాలనుకుంటే, ఆవిడ పోషణ, సంరక్షణ బాధ్యత తీసుకుంటామన్న షరతు దస్తావేజులో స్పష్టంగా రాయించండి. అలా రాసి ఉండి, తరువాత ఎవరైనా చూడకపోతే 2007 చట్టంలోని 23వ సెక్షను కింద ఆర్డీవో ఆధ్వర్యంలోని ట్రిబ్యునలు ఆ దస్తావేజును రద్దు చేయవచ్చు. ఈ సెక్షనును ఉదారంగా అన్వయించాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పినా, షరతు రాతలో ఉండడమే క్షేమం. ఇప్పుడు జీపీఏ (ఆవిడ తరఫున వ్యవహారాలు చూసే అధికారం ఇచ్చే పత్రం) రాయించుకుంటే చాలునని కూడా అనుకోకండి. రాసిచ్చిన మనిషికి మతి తప్పితే జీపీఏ చెల్లదు. అమ్మగారి ఖాతాను మీలో ఒకరితో కలిపి ఇద్దరిలో ఎవరైనా డబ్బు తీసుకునే విధంగా మార్పించి, కౌలు డబ్బు అందులోనే పడేటట్టు చూడండి. ఆ డబ్బు ముందు ఆవిడ అవసరాలకే ఖర్చు కావాలి. 70 ఏళ్లు దాటినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు వర్తించే ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, ఆధార్‌తో తీయించండి. అయితే ఇంట్లో పెట్టుకునే మనిషి జీతానికి, డైపర్లకు ఆ కార్డు పనికిరాదు. అసలు ఖర్చు అక్కడే ఉంటుంది కాబట్టి ముగ్గురూ దాని లెక్క ముందే వేసుకోండి.

వృద్ధాశ్రమంలో చేర్చడం తప్పా అని అడిగారు. తప్పు కాదు. ఇంట్లో రోజూ విసుగునూ అరుపులనూ భరించడం కంటే, ఓర్పు తెలిసిన మనుషుల మధ్య ఉండడం మేలైన సందర్భాలు ఉంటాయి. కాని ఇప్పుడే ఆ నిర్ణయం వద్దు, ఎందుకంటే అది కూడా ఇంకొక కొత్త ఇల్లే. ఆవిడ తరచుగా బయటికి వెళ్లిపోతున్నా, రాత్రుళ్లు అసలు నిద్రపోకపోతున్నా, ఎత్తి కూర్చోబెట్టవలసిన స్థితి వచ్చినా అప్పుడు ఆలోచించండి. మామూలు ఆశ్రమాలు చాలావరకు ఇలాంటివారిని చేర్చుకోవు. డిమెన్షియా ఉన్నవారిని చూసుకోవడం తెలిసిన చోటు వెతకాలి. చెప్పకుండా రాత్రి భోజనాల వేళ వెళ్లి చూడండి, రాత్రి ఎంతమందికి ఒక మనిషి ఉంటారో అడగండి, అక్కడి వాసన గమనించండి. మీ జిల్లాలో ఉన్న ఆశ్రమాల వివరాలు వయోవృద్ధుల సహాయ కేంద్రం 14567లో చెబుతారు.

ఇప్పుడు అమ్మగారు ఎవరి ఇంట్లో ఉంటే అక్కడే ఉంచి, ఈ విడత వంతు మార్పు ఆపండి. డాక్టరు దగ్గర సమయం తీసుకోండి. అన్నయ్యతో మాట్లాడే ముందు వదినగారికి ఫోను చేసి, చుట్టాల ముందు పడిన మాటకు మీ తరఫున బాధపడుతున్నానని చెప్పి, అమ్మను చూసుకోవడంలో ఆవిడకు ఏది అన్నిటికంటే కష్టంగా ఉందో అడిగి తెలుసుకుని, ముందుగా ఆ ఒక్క పనికి మనిషిని పెట్టండి.