కలంకారీ పని చేసేవారు శని ఆదివారాల్లో మేళాలకు తిరుగుతూ ఇంటివారికి సమయం ఎలా మిగుల్చుకోగలరు?

మీ ప్రశ్న సారాంశం ఇది: మీరు తిరుపతిలో ఇంటి దగ్గరే కలంకారీ చీరలు, దుపట్టాలు వేస్తున్నారు, వారమంతా పనితోనే గడిచిపోతోంది, శని ఆదివారాలు వస్తే హస్తకళల మేళాలకు వెళ్లాలనిపిస్తోంది గానీ, మీ నాలుగేళ్ల పాపకూ ఇంటివారికీ మిగిలినవి ఆ రెండు రోజులే. మేళాలు మానుకోవాలా, లేక అందరినీ వెంటబెట్టుకుని వెళ్లాలా అని అడిగారు. మీ వారికి మేళాలంటే విసుగు అని కూడా చివర్లో రాశారు. నేను శ్రీకాళహస్తిలో ఈ పని నేర్చుకుని, పెళ్లయ్యాక తిరుపతికి వచ్చి, ఇద్దరు పిల్లలను రంగు గిన్నెల మధ్యనే పెంచినదాన్ని కాబట్టి, మా ఇంట్లో కుదిరిన పద్ధతిని రాస్తున్నాను.

మేళాలు మానుకోవద్దు. అయితే అమ్మడానికి వెళ్లే మేళా వేరు, చూడడానికి వెళ్లే మేళా వేరు అన్నది ఇంట్లో ముందే తేల్చుకోండి. ఇంటివారిని తీసుకుపోవలసింది రెండోదానికి మాత్రమే. ఈ రెండింటినీ కలిపేయడం వల్లనే చాలా ఇళ్లలో గొడవలు వస్తున్నాయని నా అభిప్రాయం. స్టాల్ పెట్టిన రోజున పొద్దున మూటలు విప్పింది మొదలు రాత్రి మడతలు పెట్టి లెక్క చూసుకునేదాకా మన కళ్లు గిరాకీ మీదే ఉంటాయి; పక్కన పిల్ల ఆకలని ఏడుస్తుంటే బేరమూ సాగదు, పిల్లకు అన్నమూ పెట్టలేము. అందుకే అమ్మకపు రోజుల్లో పిల్లలను అత్తగారి దగ్గర వదిలి, తోడుగా పని తెలిసిన ఒక అమ్మాయిని తీసుకుని వెళ్తాను. ఆ రోజుల గురించి ఇంతకు మించి చెప్పవలసింది లేదు. ఒక్క మాట మాత్రం: కేంద్ర జౌళి శాఖ కింద హస్తకళల అభివృద్ధి కమిషనర్ ఇచ్చే పెహచాన్ కార్డు మీకు ఇంకా లేకపోతే ముందు దానికి దరఖాస్తు చేసుకోండి. గాంధీ శిల్ప బజార్ వంటి ప్రభుత్వ మేళాల్లో స్టాల్ అడగాలంటే ఆ కార్డే ఆధారం.

ఇక చూడడానికి వెళ్లే రోజుల సంగతి. తిరుచానూరు రోడ్డులోని శిల్పారామం మనకు ఊళ్లోనే ఉన్న సౌకర్యం. సాయంత్రం ఎండ వాలాక పిల్లలతో బయల్దేరితే రాత్రి భోజనానికి ఇంటికి వచ్చేయవచ్చు. అక్కడ మేళా జరుగుతున్న రోజుల్లో నేను ఏమీ అమ్మను, వీలైనంతవరకు కొనను, చూస్తాను. అది కాలక్షేపంలా కనిపిస్తుంది గానీ, నా పనిలో సగం అక్కడే సాగుతుంది. ఏ రంగు చీరను నలుగురు చేతిలోకి తీసుకుని మళ్లీ పెట్టేస్తున్నారు, ఎంత ధర చెప్పగానే మొహం తిప్పుకుంటున్నారు, రాజస్థాన్ నుంచి వచ్చిన అచ్చు పనివాడు తన నీలిమందు గుడ్డను ఎలా మడిచి పరుస్తున్నాడు అన్నవి ఇంట్లో కూర్చుంటే తెలియవు.

మా అత్తగారు వెంట ఉంటే ఈ చూడడం మరో స్థాయికి వెళ్తుంది. ఆమె కలం పట్టిన మనిషి కాదు, కానీ గుడ్డ తెలిసిన మనిషి. కలంకారీ అని బోర్డు ఉన్న స్టాల్ ముందు నిలబడగానే, తన చేతిరుమాలు కొస నీళ్లతో తడిపి, ఎర్ర రంగున్న చోట మెల్లగా ఒత్తి చూస్తుంది. రుమాలు గులాబీ రంగుకు తిరిగితే మారుమాట లేకుండా పక్క స్టాల్‌కు నడుస్తుంది. తిరగకపోతే గుడ్డను వెనక్కి తిప్పి, నల్లగీత అటువైపుకు ఎంత దిగిందో చూస్తుంది. కలంతో వేసిన కసిం, అంటే నల్ల సిరా గీత, నూలులోకి ఇంకి వెనకవైపు కూడా కనిపిస్తుంది. స్క్రీన్ ప్రింట్ చాలావరకు పైపైనే నిలిచిపోతుంది. ఒకసారి అమ్మే అతను "ఏం చూస్తున్నావవ్వా?" అని అడిగితే, "ఏం లేదు నాయనా, ఈ ఎరుపు కోసం ఏ వేరుతో ఉడకబెట్టినారో అని" అన్నది. అతను నవ్వి, ఇది మిషన్ మీద వేసిందే, అందుకే ఈ ధరకు ఇస్తున్నానని ఉన్నమాట చెప్పేశాడు. అలా ఒప్పుకునేవారి మీద నాకు కోపం లేదు. మిషన్ గుడ్డను చేతిపని అని చెప్పి అమ్మేవారి వల్లనే మన ధర పడిపోతోంది.

మా పాపకు కూడా ఈ పరీక్ష ఒక ఆటగా మారింది. ఎనిమిదో తరగతి చదువుతున్న పిల్లకు సహజరంగుల గురించి ఉపన్యాసం ఇస్తే ఎందుకు వింటుంది? కాబట్టి నేను ఒక్క పని మాత్రమే అప్పగించాను: దుపట్టా మీద రెండు నెమళ్లను పక్కపక్కన పెట్టి తేడాలు వెతకాలి. చేత్తో వేసినవైతే ఒకదాని ముక్కు కాస్త పొడవుగానో, తోక గీత కాస్త లావుగానో ఉంటుంది, ఎక్కడో ఒక చోట కలం ఆగిన చుక్క కనిపిస్తుంది. ఆ రోజు పాప చూసిన దుపట్టాలో ప్రతి నెమలికీ ముక్కు దగ్గర గీత ఒకే చోట తెగి ఉంది. మూర తర్వాత మూర అదే తెగుదల. అది స్క్రీన్‌లోని లోపం అని నేను చెప్పకముందే పిల్లే కనిపెట్టింది. పెడనలో అచ్చులతో వేసే మచిలీపట్నం కలంకారీలో కూడా నమూనా మళ్లీ మళ్లీ వస్తుంది గానీ, అక్కడ అచ్చుకూ అచ్చుకూ నడుమ అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా ఉంటుంది, రంగు ఒక చోట చిక్కగా, ఒక చోట పలచగా పడుతుంది. ఆ తేడా కూడా తనకు ఇప్పుడు తెలుసు. వాడి వయసుకు ఇవేవీ పట్టని మా బాబు మొక్కజొన్న పొత్తులు, మట్టి ఈలలు ఎక్కడ ఉంటే అక్కడే ఉంటాడు. వాణ్ని బలవంతంగా గుడ్డల దగ్గరకు లాగడం నేను ఏనాడూ చేయలేదు.

మీరు ప్రతి వారం మేళా కోసం ఎదురుచూడవలసిన అవసరం కూడా లేదు, ఎందుకంటే మన చుట్టుపక్కల ఊళ్లే ఏడాది పొడవునా మేళాలు. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి సుమారు 40 కిలోమీటర్లు; గుడిలో దర్శనం చేసుకుని, పనివాళ్ల ఇళ్లలో ఒక గంట కూర్చుని రావడం మాకు ఇష్టమైన ఆదివారం. పద్మశ్రీ జొన్నలగడ్డ గుర్రప్ప శెట్టి గారికి 2008లో ఆ పురస్కారం వచ్చింది ఈ కలం పనికే అని పాపకు మొదట చెప్పింది ఆ ఊళ్లోనే. దారిలో ఏర్పేడు మండలంలోని మాధవమాలకు వెళ్తే కొయ్య బొమ్మలు చెక్కేవాళ్లు ఉంటారు. 2022లో జిల్లాలు మారినప్పుడు మన తిరుపతి జిల్లాలోకి వచ్చిన వెంకటగిరి అయితే నాకు పండుగే: అక్కడి సన్న నూలు చీర, జాందానీ బుటా నేసే తీరు మగ్గం పక్కనే నిలబడి చూడాలి. అక్కడ కొన్న నూలు మీద కలం పెట్టాలనుకుంటే మాత్రం ముందు గంజి పూర్తిగా పోయేలా ఉతకండి. గంజి మిగిలిన చోట, కలం పెట్టే ముందు గుడ్డకు పట్టించే కరక్కాయ పొడి కలిపిన పాలు సరిగా పట్టవు, తర్వాత నలుపు మచ్చలు మచ్చలుగా తేలుతుంది.

మీ ప్రశ్నలో లేకపోయినా వాతావరణం గురించి చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే మా ఇంట్లో వారాంతాలను నిర్ణయించేది క్యాలెండర్ కన్నా ఎక్కువగా ఎండే. కోరా గుడ్డను కరక్కాయ పొడి కలిపిన గేదె పాలలో ముంచి ఎండలో ఆరవేయాలి. పాలలోని కొవ్వు వల్లనే కలం గీత పక్కకు పాకకుండా నిలుస్తుంది, కరక్కాయలోని వగరు వల్లనే బెల్లం, ఇనుప ముక్కలు ఊరబెట్టిన కసిం గుడ్డకు తగలగానే నల్లబడుతుంది. ఆ గుడ్డ ముసురులో ఆరకపోతే పాలు పులిసి ఇల్లంతా వాసన. కాబట్టి ఫిబ్రవరి నుంచి మే దాకా ఎండ బాగా కాసే శనివారాలను నేను పనికే ఇచ్చేస్తాను, ఆదివారం మాత్రమే ఇంటివారిది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలు మనల్ని తడిపేటప్పుడు గుడ్డ ఆరదు, ఆ నెలల్లో రెండు రోజులూ తిరుగుళ్లే. దీనిలో ఒక చిక్కు ఉంది: ఎరుపు కోసం పటిక పెట్టిన గుడ్డను పారే నీటిలో జాడించాలి, మన స్వర్ణముఖి ఏటిలో నీళ్లు ఉండేదేమో ఆ వానల తర్వాతే, వేసవిలో ఇసుకే. నీళ్లున్నప్పుడు ఎండ ఉండదు, ఎండ ఉన్నప్పుడు నీళ్లుండవు. బోరు నీళ్లతో తొట్లలో జాడించుకోవడం మామూలైపోయింది, కానీ ఏటి నీళ్లలో తేలిన ఎరుపుకు ఆ నిగ్గు వేరు అని పాతవాళ్లు చెప్పేది నేను నమ్ముతాను. వానలు తగ్గి, ఏటిలో నీళ్లు ఇంకా పారుతూ, ఎండ తిరిగి కాసే ఆ కొద్ది వారాల్లో మాత్రం ఏ మేళా పేరు చెప్పినా నేను కదలను. ఇంటివారికి ఆ సంగతి ముందే తెలుసు కాబట్టి ఎవరూ నొచ్చుకోరు.

ఏడాదికి ఒకటి రెండు సార్లు పొద్దున్నే బయల్దేరి చెన్నై వైపు వెళ్లడం కూడా మాకు అలవాటు. ముట్టుకాడులో 1996లో తెరిచిన దక్షిణచిత్ర అనే మ్యూజియంలో నాలుగు దక్షిణాది ప్రాంతాల పాత ఇళ్లను తెచ్చి తిరిగి నిలబెట్టారు. అందులో తెలుగు నేల మీది ఇక్కత్ నేతకారుల ఇల్లు కూడా ఉంది. ఆ ఇంట్లో మగ్గపు గుంట ముందు మా అత్తగారు కూర్చుని, తన పుట్టింటి పక్క వీధిలో నేతవాళ్ల ఇళ్లు ఎలా ఉండేవో పిల్లలకు చెబుతుంటే, నేను ఒక్క ఫోటో కూడా తీయకుండా విన్నాను. తిరుగు ప్రయాణం దూరమే. మీ పాపకు ఇంకా నాలుగేళ్లే కనుక ఒక రెండేళ్లు ఆగి వెళ్లండి, లేకపోతే ఆమె నిద్రపోయిన బరువును మోయడమే మీ రోజంతా అవుతుంది.

నాలుగేళ్ల పిల్లతో వెళ్లేటప్పుడు నేను పాటించినవి కొన్ని చెబుతాను. మధ్యాహ్నం నిద్ర అయ్యాకే బయల్దేరేదాన్ని. ఇంట్లోంచి చిత్రాన్నమో, ఉడకబెట్టిన శెనక్కాయలో తప్పకుండా కట్టుకుని వెళ్లేదాన్ని. మేళాల్లో దొరికే తిండి ధర గుడ్డల ధరతో పోటీ పడుతుంది. మొదట పిల్ల కోరినచోటికి, అంటే రంగులరాట్నమో బొమ్మలో, అక్కడికి వెళ్లి, ఆమె తృప్తిపడ్డాక నాకు కావలసిన మూడు నాలుగు స్టాళ్లకు మాత్రమే వెళ్లేదాన్ని. అన్నీ చూడాలన్న ఆశ వదులుకోవాలి. పిల్ల చేతికి గుడ్డ అందనివ్వండి, కానీ తినే చేతులతో ముట్టుకోకుండా చూడండి. ఆ స్టాల్‌లో ఉన్నది మనలాంటి మరొకరి నెలల పని.

డబ్బు విషయంలో మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉంది. చూడడానికి వెళ్లిన రోజున నా పని కోసం కొనే గుడ్డ, రంగు, పనిముట్ల ఖర్చు వ్యాపారపు సంచిలోంచి, పిల్లల బొమ్మల ఖర్చు ఇంటి సంచిలోంచి. రెండూ కలిపితే నెలాఖరున ఏ చీరకు ఎంత మిగిలిందో తెలియదు. పైగా మేళాకు వెళ్లడమే దండగ అన్న మాట ఇంట్లో తేలిగ్గా పుడుతుంది.

మీ వారికి విసుగు అన్నారు. ఆయనను ఒప్పించడానికి శ్రమపడకండి. మా ఆయనకు గుడ్డలంటే ఇప్పటికీ ఆసక్తి లేదు, కానీ మాధవమాల కొయ్యపని దగ్గర ఎంతసేపైనా నిలబడతారు. ఏ కొయ్య, ఏ ఉలి అని అడుగుతూ చెక్కేవాళ్లతో మాటల్లో పడిపోతారు. అటువంటి ఒక చోటు మీ వారికీ ఉంటుంది, వెతకండి. దొరకకపోతే ఆయనను ఇంట్లోనే ఉండనివ్వండి, మీరూ పాపా మీ అమ్మగారో అత్తగారో కలిసి వెళ్లి రండి. మా ఆయన రాని ఆదివారాల్లో ఇంట్లో సంగటి కెలికే పని ఆయనదే. మధ్యాహ్నం రెండు గంటలకల్లా ఇంటికి చేరుకోగలిగిన చోట్లకే నేను ఆ రోజుల్లో వెళ్తాను, ఎందుకంటే సంగటి చల్లారితే ముద్ద గట్టిపడిపోతుంది, ఆ మాట ఆయన సాయంత్రం దాకా అంటూనే ఉంటారు.