మిలాన్‌కు కొత్తగా వచ్చారా? లా స్కాలా పై గ్యాలరీకి వెళ్ళండి

"చదువు కోసం మిలాన్ వచ్చి రెండు నెలలైంది. ఇక్కడి ఒపేరా థియేటర్ లా స్కాలా చూడాలని ఉంది. ఇటాలియన్ రాదు, ఒపేరా ఎప్పుడూ వినలేదు. వెళ్తే ఏమైనా అర్థమవుతుందా?" అని ఒక అమ్మాయి అడిగింది.

అవుతుందమ్మా. ఒపేరా అంటే పాటలతో నడిచే నాటకమే. ముందు మ్యూజియం చూడు, తర్వాత ప్రదర్శనకు వెళ్ళు.

దువోమో మెట్రో స్టేషన్‌లో దిగి, గాజు కప్పున్న గ్యాలరియా అనే బజారు గుండా నడిస్తే అవతల చిన్న కూడలిలో లా స్కాలా కనిపిస్తుంది. "ఇంత పేరు ఈ భవనానికేనా?" అనిపిస్తుంది. 1778 ఆగస్టు 3న తెరిచినప్పుడు దాని ముందు ఈ కూడలి లేదు, ఇరుకు వీధి ఉండేది. దూరం నుంచి చూసే వీలే లేనప్పుడు ముందు గోడకు పెద్ద హంగులెందుకు? అందమంతా లోపలే ఉంది.

మ్యూజియం తలుపు థియేటర్‌కు ఎడమ పక్కన. టికెట్ కొనేముందు, బాక్సులోంచి హాలు చూడనిస్తున్నారా అని అడుగు. రిహార్సల్ ఉంటే చూడనివ్వరు. అది చూడకపోతే సగం చూసినట్టే.

బాక్సు అంటే చిన్న గది. ముందుకు వంగితే గుర్రపు నాడా ఆకారంలో ఒకదానిపై ఒకటి ఆరు వరసలు కనిపిస్తాయి. 1776లో పాత నాటకశాల కాలిపోతే, కొత్తదానికి డబ్బు పెట్టింది ఆ పాతదానిలో బాక్సులున్న సంపన్న కుటుంబాలు. అందుకే అప్పట్లో బాక్సు వాళ్ళ సొంతంగా ఉండేది. ఎవరికి నచ్చినట్టు వాళ్ళు అలంకరించుకుని, భోజనాలూ కబుర్లూ అక్కడే సాగించేవారు. కింద నేల మీద జనం నిలబడి చూసేవారు. 1943 బాంబుదాడిలో హాలు పైకప్పు కూలింది. 1946 మే 11న టోస్కనీని సంగీత నిర్వహణలో మళ్ళీ తెరిచారు.

1913లో తెరిచిన మ్యూజియంలో ప్రసిద్ధ సంగీతకర్త ఫ్రాంజ్ లిస్ట్ వాయించిన స్టైన్‌వే పియానో ఉంది. నేను మాత్రం ప్రతిసారీ ఒపేరా గాయని మరియా మాలిబ్రాన్ చిత్రం దగ్గరే ఆగిపోతాను. గుర్రం మీది నుంచి పడి, ఆ దెబ్బల నుంచి కోలుకోక, 1836లో 28 ఏళ్ళకే పోయింది. అప్పటికి రికార్డింగ్ లేదు. ఆమె గొంతు ఎలా ఉండేదో విన్నవాళ్ళు రాసిపెట్టిన మాటలు, ఇలాంటి చిత్రాలు తప్ప ఏమీ మిగలలేదు.

ఇక భాష సంగతి. మన పద్య నాటకానికి ఎవరూ కథ తెలుసుకోవడానికి వెళ్ళరు. రాయబారంలో ఏం జరుగుతుందో పిల్లలకూ తెలుసు. కృష్ణుడు పద్యం ఎలా ఎత్తుకుంటాడు, రాగం ఎంతసేపు తీస్తాడు అని వెళ్తారు. నచ్చితే "వన్స్ మోర్" అంటారు. ఇక్కడా అంతే. కథ ముందే చదువుకుని వెళ్ళు. సీటు ముందున్న చిన్న తెర మీద మాటలు ఇంగ్లీషులోనూ వస్తాయి.

చౌక టికెట్లు పై రెండు గ్యాలరీలలో దొరుకుతాయి. ఆ చోటును లోజ్జోనె అంటారు. మన నేల టికెట్టు వాళ్ళలాగే అసలు తీర్పరులు అక్కడే ఉంటారు. 2006లో వాళ్ళు గేలి చేస్తే రోబెర్తో అలాన్యా అనే పెద్ద గాయకుడు వేదిక దిగి వెళ్ళిపోయాడు. మరుసటి ఏడాది హువాన్ దియెగో ఫ్లోరెస్ అనే గాయకుడు, సంగీతకర్త దొనిజెట్టి రాసిన, తొమ్మిదిసార్లు తారస్థాయిని అందుకునే పాట పాడితే చప్పట్లు ఆగలేదు. మళ్ళీ పాడాడు. అక్కడ ఒక గాయకుడు అలా రెండోసారి పాడటం 1933 తర్వాత అదే మొదటిసారి. ఆ వార్త చదివినప్పుడు మా ఊరి తిరునాళ్ళలో తెల్లవారుజామున వినిపించిన వన్స్ మోర్‌లు గుర్తొచ్చి కళ్ళు చెమర్చాయి.

పై గ్యాలరీలో కొన్ని సీట్ల నుంచి వేదిక సరిగా కనిపించదు. కొనేముందు ఆ వివరం చదువు. నిక్కర్లతో, చేతుల్లేని టీషర్టులతో రానివ్వరు. చీర కట్టుకుని నిశ్చింతగా వెళ్ళు. ఆలస్యమైతే విరామం దాకా బయటే ఉండాలి.

సీజన్ ఏటా డిసెంబరు 7న, నగర రక్షకుడు సెయింట్ ఆంబ్రోస్ పండుగనాడు మొదలవుతుంది. దానికి మూడు రోజుల ముందు 30 ఏళ్ళలోపువారి కోసం అదే ఒపేరాను తక్కువ ధరకు ప్రదర్శిస్తారు. నీకు ఆ వయసు ఇంకా దాటలేదు కదా, అమ్మకం మొదలైన రోజే టికెట్ కొనుక్కో.